చెప్పులు చూసి తొడిగిన క్యాపులు

ఒకప్పుడు నా దగ్గర అసిస్టెంటు డాక్టరుగా పనిచేసిన అమ్మాయి, సొంతంగా క్లినిక్ పెట్టుకుంటున్నానని చెప్పడానికి స్వీట్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చింది. పళ్ల డాక్టరింటికి స్వీట్లేమిటే తల్లీ అని నవ్వుకున్నాం. కాఫీ తాగుతూ అడిగింది: "మేడం, ఇన్నేళ్లు చేశారు కదా, ఒక్క ముక్కలో చెప్పండి. క్యాప్ వేయాల్సి వస్తే మెటల్ మంచిదా, సిరామిక్ మంచిదా?"

దానికి జవాబు ఐదు నిమిషాల్లో చెప్పి పంపేశాను. తలుపు వేసుకుని వచ్చి కూర్చున్నాక మనసు ఊరుకోలేదు. పిల్ల అడిగిన దానికి పుస్తకంలో ఉన్న జవాబే చెప్పాను. అసలు చెప్పాల్సింది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సిగ్గేసింది, ఇంకేమీ కాదు. అందుకే ఆ పిల్ల కోసం, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలందరి కోసం కాగితం మీద పెడుతున్నాను. నా డిగ్రీలు, సన్మానాలు, గోడకు తగిలించిన షీల్డుల గురించి ఇందులో ఉండదు. వాటి గురించి చెప్పుకోవడానికి ఎవరికైనా నోరు వస్తుంది.

ముందు ఆ ఐదు నిమిషాల జవాబు

రూట్ కెనాల్ చేసిన పన్ను ఎండుకట్టె లాంటిది. లోపల ప్రాణం ఉండదు. పైన క్యాప్ తొడగకపోతే ఏదో ఒక పూట మటన్ బొక్క కొరికినప్పుడు ఫట్‌మంటుంది.

లోహంతో చేసిన క్యాపును పలచగా చేయొచ్చు. అందుకని పన్నును తక్కువ అరగదీస్తే సరిపోతుంది. అది పగలదు, ఎదురుగా ఉన్న పన్నును పెద్దగా బాధపెట్టదు. వెండిలా మెరవడం ఒక్కటే దానికున్న లోపం. సిరామిక్ చూడ్డానికి అచ్చం పన్నులా ఉంటుంది. అయితే దానికి మందం కావాలి, అంటే పన్నును ఎక్కువ చెక్కాలి. లోపల లోహం, పైన సిరామిక్ పూత ఉండే రకం ఒకటుంది. కొన్నేళ్లకు చిగురు కాస్త పైకి జరిగిందంటే అంచున నల్లగీత బయటపడుతుంది, పూత పెచ్చు లేచినా లేస్తుంది. ఇప్పుడొచ్చే పూర్తి తెల్లవి చాలా గట్టివి. వాటికి సరిగా నునుపు పెట్టకుండా అంటించేస్తే ఎదుటి పన్నును ఆకురాయిలా తినేస్తాయి.

కాబట్టి చిట్టచివరి దవడ పళ్లకి, నిద్రలో పళ్లు కొరికే వాళ్లకి మెటల్. మాట్లాడితే, నవ్వితే కనిపించే చోట తెల్లది. మధ్యలో ఉండే పళ్ల దగ్గరికొచ్చేసరికి పుస్తకం చేతులెత్తేస్తుంది. అక్కడ పన్ను ఎవరిదో వాళ్లే చెప్పాలి.

ఇంతే ఆ అమ్మాయికి చెప్పింది. ఆ చివరి మాట నేను నా వృత్తిలో దాదాపు మొత్తం కాలం పాటించలేదని మాత్రం చెప్పలేదు.

పెద్ద డాక్టరుగారి పాఠం

చదువయ్యాక నేను మొదట చేరింది పంజాగుట్టలో, ఒక మందుల షాపు మీద మేడపైన ఉన్న క్లినిక్‌లో. పెద్ద డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి. ఆయన సూది గుచ్చితే పేషెంటుకు తెలిసేది కాదు. నా చేతికి వచ్చిన పని అంతా ఆయన పెట్టిన భిక్షే. ఆ మాట కాదంటే కళ్లు పోతాయి.

చేరిన వారంలోనే ఆయన నన్ను పక్కకు పిలిచారు. "అమ్మాయ్, నోరు తెరిపించేముందు గుమ్మం దగ్గర చెప్పులు చూడు. ఏ క్యాప్ చెప్పాలో అక్కడే తెలిసిపోద్ది."

"అట్లెందుకు సార్?" అన్నాను.

"ఎందుకేంటమ్మా? రబ్బరు చెప్పులేసుకొచ్చినాయనకి తెల్లదాని రేటు చెప్పావనుకో, 'నేను పెట్టుకోలేనండీ' అని నలుగురి ముందు అనాల్సొస్తుంది. పాపం, ఆ మాట వాళ్ల చేత అనిపించడం దేనికి? అసలు చెప్పకపోతే వాళ్లకా బాధే ఉండదు కదా."

అబ్బ, ఎంత మంచి మనసు అనుకున్నాను. నిజంగానే నా కళ్లు చెమర్చాయి. మా నాన్న కూడా వరంగల్ నుంచి రబ్బరు చెప్పులతోనే నన్ను కాలేజీలో దింపడానికి వచ్చాడు. ఆ నాన్న కూతురిని, ఎదురు ప్రశ్న వేయాల్సింది పోయి తలూపాను.

తర్వాత అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో సొంత క్లినిక్ పెట్టుకున్నప్పుడు ఆ పాఠాన్ని కూడా మూటగట్టుకుని తెచ్చుకున్నాను. మా అటెండర్ రాజేశ్వరికి నేర్పాను. ప్లాస్టర్ దవడ మీద తొడిగిన నమూనాలు రెండు ట్రేలలో ఉండేవి. ఒకదాంట్లో వెండి రంగువి, ఒకదాంట్లో తెల్లవి. రాజేశ్వరి గుమ్మం వైపు ఒక చూపు చూసి, రెంటిలో ఒక ట్రే మాత్రమే తెచ్చి కుర్చీ పక్కన పెట్టేది. ఇద్దరం ఒక్క మాట కూడా అనుకునే వాళ్లం కాదు. రెండు ట్రేలు పక్కపక్కన పెట్టిన రోజు నాకు గుర్తు లేదు. ఇంకో ముచ్చట కూడా చెప్పేస్తాను, దాచడం దేనికి. చెప్పులను బట్టి నా నోట్లో 'మీరు', 'నువ్వు' కూడా మారిపోయేవి.

పోనీ ఆ కొలతైనా సరైందా అంటే, అదీ లేదు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే కోచింగ్ పిల్లలందరూ రబ్బరు చెప్పులతోనే తిరుగుతారు. ఆ లెక్కన అమీర్‌పేట అంతా బీదదే! ఊళ్లో నాలుగు బోర్లు, రెండు ట్రాక్టర్లు ఉన్న రైతు కొడుక్కి మెటల్ చూపించాను. అప్పు చేసి బూట్లు కొనుక్కుని ఇంటర్వ్యూకి పోతున్నవాడికి తెల్లది చూపించాను. ఇది తెలుస్తూనే ఉన్నా ఆ పద్ధతి మానలేదు. ఎందుకంటే పని తొందరగా అయిపోయేది, ఎవరూ బేరమాడేవారు కారు.

సలీం భాయ్ దవడ పన్ను

యూసుఫ్‌గూడలో టైల్స్ వ్యాపారం చేసే సలీం భాయ్‌ది తళతళలాడే బూట్ల కేసు. కింది దవడలో చిట్టచివరి పన్ను. మనిషి నిద్రలో పళ్లు కొరుకుతాడని పళ్లు చూస్తేనే తెలుస్తోంది, కొసలు అరిగి చదునుగా ఉన్నాయి. తెల్ల ట్రే వచ్చింది. తెల్లదే వేశాను. కొన్నాళ్లకే పెచ్చు ఎగిరిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ పగిలింది.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ అన్నాడు: "మేడం, ఒక్క మాట చెప్పుండ్రి. నా నోట్ల గంత ఎనుక ఎవరు చూస్తరు? మా బేగం సుత చూడది. గట్టిది ఏదన్నుంటే గదే ఎయ్యరాదా?"

"మెటల్ వేయొచ్చు సలీం భాయ్. వెండి రంగులో ఉంటుంది."

"అయితే ఏంది! మొదట్లనే చెప్పకపోతిరి. నాకు ఫికరే లేకుండె."

మెటల్ వేశాను, ఇప్పటికీ ఉంది. ఆయన పోయాక రాజేశ్వరి, "బూట్లున్నాయన ఎండిది అడుగుతడని మనకేం తెల్సు మేడం" అంది. ఇద్దరం నవ్వేశాం. అప్పుడు కూడా బుద్ధి రాలేదు. డబ్బున్నవాడికి జరిగిన పొరపాటు కాబట్టి అది నవ్వులోనే పోయింది.

సుజాత

సుజాతది యూసుఫ్‌గూడలోనే అద్దె గది. పంజాగుట్టలో ఒక పెద్ద చీరల షోరూంలో, వెనక గోడౌన్‌లో పని. వచ్చిన చీరలకు ట్యాగులు కుట్టడం, కస్టమర్లు విప్పి పడేసినవి మళ్లీ మడతపెట్టడం. బుగ్గ పట్టుకుని వచ్చింది. పైవరసలో, కోరపన్ను వెనకది పుచ్చిపోయింది. రబ్బరు చెప్పులు.

రూట్ కెనాల్ చేశాను. బాగానే కుదిరింది. క్యాప్ రోజున రాజేశ్వరి వెండి ట్రే తెచ్చి పెట్టింది. సుజాత ఆ నమూనాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేడం, తెల్లగుండేది లేదా?"

"ఇదే గట్టిది. నీకు ఇదే మంచిది" అన్నాను.

పిల్లలూ, ఈ రెండు వాక్యాలను బాగా చూడండి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మెటల్ గట్టిదే. ఆ పన్ను గోడలు పలచగా ఉన్నాయి, ఎక్కువ చెక్కకుండా ఉంటేనే దానికి మంచిది. ఏ ప్రొఫెసర్ ముందైనా నిలబడి ఈ మాట సమర్థించుకోగలను. కానీ ఆమె అడిగింది ఏది గట్టిదని కాదు, తెల్లది ఉందా అని. ఉందనే ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా చదువంతా ఆమె నోరు మూయించడానికి పనికొచ్చింది. ఛీ, ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు కుంచించుకుపోతుంది.

ఆమె తలూపింది. డాక్టరమ్మ చెప్పింది కదా. క్యాప్ వేయించుకుని, దండం పెట్టి పోయింది.

రెండోసారి కూడా నేనే

రెండేళ్లు దాటాక మళ్లీ వచ్చింది. నొప్పా అని అడిగాను.

"నొప్పేం లేదు మేడం. మంచిగనే ఉన్నది. గిది తీసెయ్యాలె."

కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. షోరూంలో కౌంటర్ మీద ఒక మనిషి మానేస్తే సుజాతను ముందుకు తెచ్చారట. చీరల పేర్లు, నేతలు అన్నీ ఆమెకు నోటికి వచ్చు. "మా ఫ్లోర్ మేనేజర్ సార్ ఏమంటడంటే, సుజాతా, గట్ల మూతి బిగబట్టుకుంటే కస్టమర్లు ఉరుకుతరు, జర నవ్వు అంటడు. నవ్వుదామంటే గిది మెరుస్తది మేడం. మొన్న ఒక చిన్నపిల్ల, మమ్మీ, ఆంటీకి ఎండి పన్నుందీ అని ఒర్లింది. అందరు నా దిక్కే చూసిన్రు. చెయ్యి అడ్డం పెట్టుకుందమంటే, చీర భుజం మీదేసి చూపియ్యాలంటే రెండు చేతులు గావాలె గదా."

పెళ్లిళ్ల సీజన్ అయ్యేదాకా చూస్తామన్నారట. నవ్వకపోతే మళ్లీ గోడౌన్‌కే.

"గోడౌన్‌ల కిటికీ సుత ఉండది మేడం. నాకు మల్ల అండ్లకు పోవుడు ఇష్టం లేదు" అంది. చెబుతున్నంతసేపూ పైపెదవిని పళ్ల మీదకు లాగి పట్టుకునే ఉంది.

"అయ్యో, అప్పుడే చెప్పి ఉంటే…" అన్నాను.

"అడిగిన గదా మేడం. తెల్లది లేదా అన్న. మీరు గిదే మంచిదన్నరు. చీటీ ఎత్తుకోనైనా ఏసుకుంటుంటి."

నిష్ఠూరంగా కూడా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. 

ఆ తర్వాత నేను చేసిన పని మొదటిదానికంటే సిగ్గుచేటు. ఒక్కసారిగా లేచి, "ఇప్పుడే తీసేద్దాం. తెల్లది వేస్తాను. నువ్వు నాకేం ఇవ్వొద్దు" అంటూ రాజేశ్వరిని కేకేసి, మత్తు ఇంజెక్షన్ తీయమన్నాను. నా కడుపులో మంట చల్లారాలి, అంతే. ఆ పన్ను గోడలు పలచనివని తెలుసు, కోస్తే ఏమవుతుందో తెలుసు. ఆ నిమిషంలో అవేవీ నాకు పట్టలేదు.

సుజాత నా మణికట్టు పట్టుకుంది. "జర ఆగుండ్రి మేడం. అప్పుడు సుత మీరే చెప్పిన్రు. ఇప్పుడు సుత మీరే చెప్తున్రు. తీస్తే ఏమైతదో నాకు చెప్పరా?"

చేతిలో సిరంజి అలాగే ఉంది. రాజేశ్వరి నా ముఖం చూస్తోంది. సిరంజి ట్రేలో పెట్టేసి, స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. నా వృత్తిలో ఒక పేషెంటుకు అన్నీ చెప్పడం అదే మొదలు.

ఎక్స్‌రే తీసి చూపించాను. ఆ క్యాపు కోసేటప్పుడు లోపల పన్ను విరగొచ్చని చెప్పాను. విరగకపోయినా, తెల్లదానికి ఇంకాస్త చెక్కాలి, తర్వాత ఎప్పుడైనా విరగొచ్చు. చిగురు లోపలికి విరిగితే పీకేయడం తప్ప దారి లేదు. ఇలాగే ఉంచుకుంటే చాలా ఏళ్లు ఉంటుంది. మధ్యేమార్గం ఇంకోటుంది, క్యాపుకు ముందు వైపు కిటికీలా కోసి తెల్ల మందు నింపొచ్చు, కాకపోతే చుట్టూ వెండి గీత కనిపిస్తూనే ఉంటుంది.

"చీర అంచు లెక్కనా?" అంది. అప్పుడు నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఇంటికి పోయి ఆలోచించుకుని వస్తానంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఊరికె ఒద్దు మేడం. ఊరికె చేస్తే మల్ల నేనేం అడగలేను" అంది.

పన్ను

మరుసటి వారం వచ్చింది. "తీసెయ్యుండ్రి. పోతే పోతది. ఏమైతదో ఎరుకే గదా."

నెమ్మదిగా కోశాను. పెద్ద డాక్టరుగారు నేర్పినట్టే, క్యాపు ముందు వైపు నిలువుగా గాటు పెట్టి, దాంట్లో పనిముట్టు పెట్టి కొంచెం తిప్పాను. క్యాపు విచ్చుకుంది. దాంతో పాటే, చిన్న చప్పుడు. ఆ చప్పుడు ఎలాంటిదో పళ్ల డాక్టర్లకు చెప్పక్కర్లేదు. పన్ను క్యాపులోనే ఉండిపోయి బయటికొచ్చేసింది, వేరు చిగురు లోపల ఉండిపోయింది.

 సుజాత కళ్లు తెరిచి నన్ను చూసి, వేలితో నోటివైపు చూపించి 'పోయిందా' అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. తలూపాను. మళ్లీ కళ్లు మూసుకుంది. వేరు తీసి, దూది కొరకమని పంపించాను. క్షమించమని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

చిగురు మానాక ఖాళీ ఏం చేయాలో మళ్లీ కూర్చుని అంతా చెప్పాను. ఎముకలో మర బిగించి పన్ను కట్టొచ్చు. అటూ ఇటూ ఉన్న పళ్లను చెక్కి వంతెనలా పెట్టొచ్చు. లేదంటే తీసి పెట్టుకునే పన్ను.

"పక్క పండ్లు ఏం తప్పు చేసినయి మేడం, ఆటిని చెక్కనీకి?" అని, తీసి పెట్టుకునేదే తీసుకుంది. రాజేశ్వరి పళ్ల రంగుల నమూనాలుండే షేడ్ కార్డు పట్టుకుంటే, అద్దం ముందు నిలబడి తన పక్క పన్నుకు సరిపోయే తెలుపును తానే ఎంచుకుంది. నాకు ఇంకొంచెం లేత రంగు బాగుంటుందనిపించింది. ఆ మాట అనకుండా పెదవి కొరుక్కున్నాను.

కౌంటర్ దగ్గర

ఆ షోరూం మీదుగానే నేను రోజూ ఇంటికి పోయేదాన్ని. చాలా రోజులు ఆ పక్కకు తల తిప్పలేదు. పన్ను పోగొట్టుకున్న మనిషి మళ్లీ గోడౌన్‌లో కూర్చుందేమో, చూస్తే ఎలా తట్టుకోవాలి అని భయం. వయసు మీదపడి క్లినిక్ మూసేయాలని నిర్ణయించుకున్న రోజుల్లో, ఇక లాభం లేదనుకుని లోపలికి వెళ్లాను.

మెట్లెక్కుతుండగానే గొంతు వినపడింది. కౌంటర్ మీద పరుపు మధ్యలో నిలబడి, గద్వాల చీర భుజం మీద వేసుకుని, రెండు చేతులతో కొంగు పరిచి చూపిస్తోంది. ఎదురుగా పెళ్లివారు. ఏదో అన్నారు, సుజాత నోరారా నవ్వింది. ఆ నవ్వుకు వాళ్లలో ఉన్న ఒక పెద్దావిడ కూడా నవ్వింది.

నన్ను చూడగానే, "మా డాక్టరమ్మ" అని పక్కమ్మాయికి చెప్పి, స్టూలు వేయించింది. పెళ్లివాళ్లు బిల్లుకు వెళ్లాక, నేను తల దించుకునే అన్నాను: "సుజాతా, నన్ను క్షమించు. నీ పన్ను నా చేతుల్లోనే పోయింది."

"గదేంది మేడం, గా పన్ను సంగతి ఇంక ఇడువరా?" అని విప్పిన చీరలు మడతపెడుతూనే కాస్త గొంతు తగ్గించింది. "నిజం చెప్పాల్నా? మొదట మీరు ఏసిన క్యాపు మస్తు గట్టిగుండె. ఒక్కనాడు నొయ్యలే. కానీ అద్దంల చూసుకున్నప్పుడల్లా మీమీద కోపమొస్తుండె. ఇప్పుడు పన్నే పోయింది. కోపం లేదు. ఈ సారి నన్ను అడిగిన్రు గదా."

నన్ను ఓదార్చడానికే అంది ఆ మాట. మంచి పిల్ల. ఇంకో కస్టమర్ వస్తే అటు వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ స్టూలు మీద నుంచి లేవలేకపోయాను.

సుజాత ఒక్కతే తిరిగొచ్చింది కాబట్టి నాకు తెలిసింది. చెప్పులు చూసి నేను వెండి క్యాపులు తొడిగిన మిగతావాళ్లు, అద్దంలో చూసుకున్నప్పుడల్లా నన్ను ఏమనుకుంటున్నారో నాకెవరూ వచ్చి చెప్పలేదు. ఎందుకొస్తారు? గట్టి క్యాపులు. ఊడవు, పగలవు. వాళ్లకు మళ్లీ నా దగ్గరికి రావాల్సిన అవసరమే లేదు.